కీఫర్ ఇంటిపేరు: పైన్ చెట్టా, దవడా, పీపాల పనా?

విభాగం: పేర్లు, ఊళ్లు, భాషలు › ఐరోపా ఇంటిపేర్లు

పలకబలపం (చర్చ ప్రారంభం)

జర్మనీలో ‘కీఫర్’ ఇంటిపేరు నైరుతి వైపు బాగా కనబడుతుంది. సార్‌లాండ్, ఫాల్ట్స్, బాడెన్ ప్రాంతాల్లో మరీ ఎక్కువ. నిఘంటువు తీస్తే ఈ మాటకు రెండే అర్థాలున్నాయి: ఒకటి పైన్ చెట్టు, రెండోది దవడ. ఇంటిపేర్ల వెబ్‌సైట్లలో కొన్ని ‘పైన్ చెట్ల దగ్గర కాపురమున్నవాళ్లు’ అంటున్నాయి, కొన్ని ‘పీపాలు చేసేవాళ్లు’ అంటున్నాయి. ఏది సరైనది? రెండో ప్రశ్న: పాత చర్చి రిజిస్టర్లలో ఒకే ఊళ్లో ఒకచోట క్యూఫర్, ఇంకోచోట కీఫర్, మరోచోట క్యూఫ్నర్ అని ఉంటే మూడూ ఒకే కుటుంబం అనుకోవచ్చా? తెలిసినవాళ్లు కారణంతో సహా చెప్పండి.

ధాతువు

పీపాల పనే అండీ. పైన్ చెట్టు కాదనడానికి గట్టి కారణం ఉంది. చెట్టుకు ‘కీఫర్’ అన్న పేరు ‘కీన్‌ఫ్యోరె’ అనే జంటపదం నలిగి పుట్టింది. ‘కీన్’ అంటే జిగురు పట్టిన, దివిటీకి పనికొచ్చే కట్టె. ఈ నలిగిన రూపం తూర్పు-మధ్య జర్మన్ ప్రాంతాల్లో వాడుకలోకి వచ్చి, సుమారు 16వ శతాబ్దం నుంచి పుస్తక భాషలో స్థిరపడింది. నైరుతి వాళ్లు ఆ చెట్టును ‘ఫోర్లె’, ‘ఫ్యోరె’ అన్నారు. ఇంటిపేరు ఎక్కడ దట్టంగా ఉందో అక్కడ చెట్టుకు ఆ పేరే లేదు. దవడ సంగతి అసలు పట్టించుకోనక్కర్లేదు.

ఇక క్యూఫర్ కీఫర్ ఎలా అయింది? మూలం లాటిన్ ‘కూపా’, అంటే పెద్ద చెక్క తొట్టి. అది పాత జర్మన్‌లో ‘కువొఫా’ అయింది. ఆ తొట్టి చేసేవాడు మధ్యయుగంలో ‘క్యుఎఫర్’. ఇందులో మొదటి అచ్చు పెదవులు గుండ్రంగా చుట్టి పలకాలి. దక్షిణ, తూర్పు మాండలికాల్లో చాలాచోట్ల ఆ చుట్టడం పోయింది. పెదవులు చుట్టకుండా అదే అచ్చు పలికితే ‘కిఎఫర్’ వస్తుంది. గుమస్తా విన్నది విన్నట్టు రాశాడు. తర్వాత పుస్తక భాషలో ఆ ‘ఇఎ’ని దీర్ఘ ‘ఈ’గా చదవడం మొదలయ్యాక పలుకు కూడా కీఫర్‌గా నిలిచిపోయింది. ఇది ఎవరి పొరపాటూ కాదు, నియమం ప్రకారం జరిగిన మార్పు. ఇదే దారిలో ‘బ్యూట్నర్’ ‘బిట్నర్’ అయింది, ‘బ్యోట్చర్’ ‘బెట్చర్’ అయింది. ఇవన్నీ పీపా పనివాళ్ల పేర్లే.

కృష్ణలంక

ఒక్క పనికి అన్ని పేర్లా? బ్యోట్చర్, బ్యూట్నర్, క్యూఫర్ అందరూ ఒకే పని చేసేవాళ్లయితే జర్మన్‌లో ఒక్క మాట సరిపోదా?

పటాలపిచ్చి

సరిపోయేది కాదండీ. ఇంటిపేర్లు స్థిరపడే కాలానికి అందరికీ ఉమ్మడి జర్మన్ అనేదే లేదు. ఏ ప్రాంతపు మాట ఆ ప్రాంతంలో ఇంటిపేరుగా గడ్డకట్టింది. 2005 నాటి ల్యాండ్‌లైన్ చందాదారుల జాబితాతో జర్మన్ పరిశోధకులు ఇంటిపేర్ల పటాలు వేశారు. వాటిని చూస్తే ఇప్పటికీ ఆ హద్దులు కళ్లకు కడతాయి.

ఉత్తరం నుంచి తూర్పు దాకా బ్యోట్చర్. దీని వెనక ‘బోటిష్’, అంటే పెద్ద తొట్టి. ఆ మాట లాటిన్ ‘అపొథేకా’ నుంచి వచ్చింది, అక్కడ దాని అర్థం సరుకు దాచే గది. ఫ్రాంకోనియా, థ్యూరింగియా వైపు బ్యూట్నర్, అది ‘బ్యూటె’ అనే తొట్టి నుంచి. నైరుతిలో క్యూఫర్, కీఫర్. బవేరియా, స్వాబియాల్లో షెఫ్లర్, అది ‘షాఫ్’ అనే గంగాళం లాంటి చెక్కపాత్ర నుంచి. ఆస్ట్రియాలోనూ ఆగ్నేయంలోనూ బిండర్, అంటే కట్టేవాడు. రొమేనియాలోని ట్రాన్సిల్వేనియా జర్మన్లలో కూడా బిండర్‌లు ఎక్కువే. హెస్సె, ఫాల్ట్స్ ప్రాంతాల్లో అదే మాట బెండర్ అయింది. కొలోన్ చుట్టుపక్కల ఫాస్‌బెండర్, ‘ఫాస్’ అంటే పీపా. సినిమా దర్శకుడు రైనర్ వెర్నర్ ఫాస్‌బిండర్ ఇంటిపేరుకూ అర్థం అదే.

జర్మనీలో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ముల్లర్, అంటే పిండిమర నడిపేవాడు. ఆ తర్వాత ష్మిట్, ష్నైడర్, ఫిషర్, వేబర్. మొదటి పదిలో పీపా పనివాడు లేడు. దానికి ఒక పెద్ద కారణం ఈ చీలికే. మరపనికి దేశమంతటా ఇంచుమించు ఒకే మాట ఉంది. పీపా పని మాత్రం అరడజను మాటల మధ్య పంచుకుపోయింది.

ధాతువు

పటాలపిచ్చి గారి జాబితాకు ఉత్తరపు పల్లపు జర్మన్ రూపాలు కూడా కలపాలి, వాటివల్లే కథ పూర్తవుతుంది. దక్షిణ జర్మన్‌లో ప, క ధ్వనులు కొన్ని స్థానాల్లో ఫ, ఖ లాంటి ఊదుడు ధ్వనులయ్యాయి. ఉత్తరాన అలా కాలేదు. అందుకే దక్షిణాన క్యూఫర్ ఉంటే ఉత్తరాన క్యూపర్, నెదర్లాండ్స్‌లో కౌపర్, ఇంగ్లండ్‌లో కూపర్. బ్యోట్చర్‌కి ఉత్తరపు జోడీ బ్యోడెకర్, బ్యోడికర్, బ్యోడెకె. ప్రయాణ మార్గదర్శక పుస్తకాల ప్రచురణకర్త కార్ల్ బేడెకర్ (1801–1859) ఎస్సెన్‌లో పుట్టాడు. ఆయన ఇంటిపేరు ఈ కుదురులోదే. ఇలా పేరు మధ్యలో ‘క’ మిగిలి ఉందంటే ఆ ఇంటిపేరు ఉత్తరాన పుట్టిందని దాదాపు రాసిపెట్టుకోవచ్చు.

జర్మనీలో పేరుపడ్డ మైసెన్ పింగాణీకి దారి వేసిన యోహాన్ ఫ్రీడ్రిష్ బ్యోట్గర్ (1682–1719) పేరు కూడా బ్యోట్చర్‌కి మరో రూపమే.

పీపాకట్టు

పని గురించి తెలిస్తే పేర్ల తేడా ఇంకా బాగా అర్థమవుతుంది. ఈ పని ఒక్కటి కాదు, కనీసం రెండు. ఒకటి ఓక్ కర్రతో మూసిన పీపాలు చేయడం. వైన్, బీరు, ఉప్పు, ఉప్పుచేప వీటిలోనే ప్రయాణించేవి. రెండోది స్ప్రూస్, ఫర్ లాంటి మెత్తటి కర్రతో పైన తెరిచి ఉండే తొట్లు, బకెట్లు, వెన్న చిలికే కవ్వపు బుడ్లు చేయడం. వ్యుర్టెంబెర్గ్‌లో మొదటివాడు క్యూఫర్, రెండోవాడు క్యూబ్లర్. క్యూబ్లర్ కూడా ఇంటిపేరే, ‘క్యూబెల్’ అంటే బకెట్. కొన్నిచోట్ల ఓక్ పనివాడిని నల్ల బిండర్ (ష్వార్ట్స్‌బిండర్) అనీ, మెత్తకర్ర పనివాడిని తెల్ల బిండర్ (వైస్‌బిండర్) అనీ పిలిచారు.

పీపాలో మేకు ఉండదు, జిగురు ఉండదు. కారకుండా నిలబడటమంతా పలకల అంచుల మీదే ఆధారపడి ఉంది. ఓక్ మానును రంపంతో కోయరు, గొడ్డలితో నడిమి నుంచి బెరడు వైపుకు చీలుస్తారు. చెక్కలో అడ్డంగా పోయే సన్నటి కణాల వరుసలు తెగకుండా పలక వెడల్పుతో సమాంతరంగా ఉండాలి. కోస్తే అవి తెగుతాయి, వైన్ వాటి గుండా బయటికి ఊరుతుంది. చీల్చిన పలకలను ఎండావానల్లో రెండు మూడేళ్లు పేర్చి ఉంచుతారు. ఆ తర్వాత ఒక్కో పలకను నడుము వెడల్పుగా, కొనలు ఇరుకుగా చెక్కుతారు. రెండు అంచులకూ పీపా కేంద్రం వైపు ఏటవాలు ఇస్తారు. దీనికి వాడే చిత్రిక దాదాపు మనిషంత పొడవుంటుంది. దాన్ని తలకిందులుగా, అంచు పైకి ఉండేలా ఆనించి, చెక్కను దాని మీద తోస్తారు. ఏటవాలు ఎక్కువైతే పలకలు బయటి అంచున మాత్రమే ఒరుసుకుంటాయి, తక్కువైతే లోపలి అంచున మాత్రమే. ఎలా ఉన్నా కారుతుంది.

పలకలను ఒక కొసన కట్టులో నిలబెట్టి, లోపల చిన్న మంట పెట్టి, బయట తడుపుతూ, రెండో కొసను తాడుతో బిగించి దగ్గరికి లాగుతారు. వేడి చాలకపోతే నడుము దగ్గర పలక పగులుతుంది. బండి చక్రానికి పట్టా కాల్చి ఎక్కిస్తారు కదా, ఇక్కడ అలా కాదు: కట్టును చల్లగానే ఉంచి, సుత్తితో కొస నుంచి నడుము వైపుకు దిగగొడతారు. నడుము లావు కాబట్టి దిగిన కొద్దీ బిగుస్తుంది. రెండు కొసల దగ్గర లోపలి వైపు గాడి తీసి మూతపలకలు కూర్చుతారు. సందుల్లో రెల్లు ఆకు పెడతారు. చివరికి నీళ్లు పోస్తే చెక్క ఉబ్బి మిగిలిన సందులు మూసుకుంటాయి.

ఇనుప కట్లు విరివిగా రాకముందు కట్టు అంటే చీల్చిన హేజెల్, విల్లో కొమ్మలే. వాటిని కోసి అమ్మేవాడి పేరు రైఫ్‌ష్నైడర్. అది కూడా ఇంటిపేరుగా నిలిచింది.

రైన్‌గట్టు

పీపాకట్టు గారు చెప్పినదానికి ద్రాక్షతోటల వైపు నుంచి ఒక్క మాట. రైన్, మోజెల్ నదుల ప్రాంతంలో క్యూఫర్ పీపా చేసి చేతులు దులుపుకునేవాడు కాదు. నేలమాళిగలో వైన్‌ను ఒక పీపాలోంచి ఇంకోదానిలోకి మార్చడం, మడ్డి తీయడం, ఖాళీ పీపాకు గంధకం పొగ వేయడం కూడా అతని పనే. అందుకే అక్కడ వైన్‌క్యూఫర్ అనేది ఒక శిక్షణ వృత్తిగా ఇటీవలి దాకా నిలిచింది, 2013లో దాని పేరు వైన్ టెక్నాలజిస్ట్‌గా మార్చారు. మోజెల్ మీద పీపా లెక్క ఫూడర్, అంటే 1,000 లీటర్లు. రైన్‌గావ్‌లో ష్ట్యుక్, 1,200 లీటర్లు. పెద్దది చూడాలంటే హైడల్‌బర్గ్ కోటలో 1751లో కట్టిన పీపా ఉంది, పట్టేది సుమారు 2,20,000 లీటర్లు. 130 ఓక్ మానులు పట్టాయంటారు.

ఉత్తరాన ద్రాక్ష లేదు. అక్కడి బ్యోట్చర్లను పోషించింది హాంబర్గ్ బీరు, ల్యూనెబర్గ్ ఉప్పు, బాల్టిక్ హెర్రింగ్ చేప. బ్రెమెన్‌లో బ్యోట్చర్ల వీధి ఇప్పటికీ ఉంది. ఇవాళ కనబడే భవనాలు 1922–1931 మధ్య కట్టినవి, వీధి పేరు మాత్రం పాతదే.

లాటిన్ ‘కూపా’ నైరుతిలో ఎందుకు పాతుకుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. రోమన్లు రైన్ ఒడ్డున ద్రాక్షతోటలతో పాటు వాటి మాటలు కూడా నాటారు. నేలమాళిగకు కెల్లర్, గానుగకు కెల్టర్, ద్రాక్ష రైతుకు వింట్సర్, అన్నీ లాటిన్ నుంచే. క్యూఫర్ వాటి తోబుట్టువు.

కృష్ణలంక

షెఫ్లర్, షేఫర్, షెఫ్ఫర్ ఒకటేనా? వినడానికి మూడూ దగ్గరగానే ఉన్నాయి.

ధాతువు

కాదు, ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. షేఫర్ అంటే గొర్రెల కాపరి. షెఫ్లర్‌లో ‘ల’ ఉంది చూడండి, అది ‘షాఫ్’ అనే పాత్రకు చిన్నదనే ప్రత్యయం చేరగా వచ్చింది. ఆ ‘ల’ ఉంటే పాత్ర, లేకపోతే గొర్రె అన్నది చాలావరకు నిలబడే గుర్తు. షెఫ్ఫర్ మాత్రం చిక్కు పేరు: షేఫర్‌కి ఇంకో రాత కావచ్చు, ఆస్తి వ్యవహారాలు చూసే ‘షాఫర్’ కావచ్చు. ఊరు తెలియకుండా తేల్చలేం. తూర్పున సైలీషియాలో షెఫ్లర్ ఉంటే ఇంకో దారి కూడా ఉంది: ధాన్యం కొలిచే ‘షెఫెల్’ చేసేవాడు. బ్రెస్లావ్‌లో 1624లో పుట్టిన యోహానెస్ షెఫ్లర్, అంటే ఆంగెలుస్ సిలేసియుస్ అనే కవి, ఈ ఇంటిపేరు వాడే.

మ్యూనిక్‌లో షెఫ్లర్ల నాట్యం ఏడేళ్లకోసారి జరుగుతుంది. 2012లో, 2019లో జరిగింది. 1517 ప్లేగు తర్వాత భయంతో తలుపులు వేసుకున్న జనాన్ని బయటికి రప్పించడానికి మొదలైందని ఐతిహ్యం. మారియెన్‌ప్లాట్స్‌లో కొత్త టౌన్‌హాల్ గడియారం కింద తిరిగే ఎర్రకోటు బొమ్మలు వీళ్లవే.

పీపాకట్టు

ఇంకో రెండు ఉచ్చులు. ఒకటి వైస్‌బిండర్: పైన చెప్పినట్టు మూలార్థం మెత్తకర్ర పీపాలవాడు. కానీ హెస్సెలో ఆ మాట గోడలకు సున్నం, రంగు వేసేవాడికి స్థిరపడింది. హెస్సె రిజిస్టర్‌లో వృత్తి గడిలో వైస్‌బిండర్ అని ఉంటే పీపా అనుకోకండి. రెండోది రైఫ్‌ష్లేగర్. రైఫ్‌ష్నైడర్‌కి తమ్ముడిలా కనబడుతుంది కానీ పీపా కట్టుతో ఏ సంబంధమూ లేదు. ఇక్కడి ‘రైఫ్’ ఉత్తరపు ‘రేప్’, అంటే మోకు. ఆ పేరుగలవాడు తాళ్లు పేనేవాడు. హాంబర్గ్‌లోని రేపర్‌బాన్ వీధి వాళ్లు మోకులు పేనిన చోటే.

బ్యూట్నర్‌కీ బ్యూటెల్‌కీ కూడా చుట్టరికం లేదు. బ్యూటెల్ కోర్టు బంట్రోతు.

పలకబలపం

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు రిజిస్టర్ల సంగతి. ఒక ఎంట్రీలో ‘క్యూఫర్’ అని ఉంటే అది ఇంటిపేరా, వృత్తా అని ఎలా చెప్పాలి? ఒకచోట ఆడవాళ్ల పేరు చివర ‘క్యూఫరిన్’ అని ఉంది, ఆవిడే పీపాలు చేసేదని అర్థమా?

పాతకాగితం

ఆవిడ పీపాలు చేసిందని కాదు. ఆ రోజుల్లో స్త్రీల ఇంటిపేరుకు ‘ఇన్’ చేర్చి రాయడం మామూలు. ముల్లర్ కూతురు ముల్లరిన్, క్యూఫర్ ఇంటి ఆవిడ క్యూఫరిన్. వంశవృక్షం చార్టులో ఎక్కించేటప్పుడు ఆ ‘ఇన్’ తీసేయాలి. లేకపోతే ఒకే కుటుంబం రెండు పేర్లుగా చీలిపోతుంది.

వృత్తా, ఇంటిపేరా అన్నదానికి ఈ గుర్తులు చూడండి. ‘జైనెస్ హాండ్‌వెర్క్స్ ఐన్ క్యూఫర్’ అని ఉంటే ‘వృత్తిరీత్యా క్యూఫర్’ అని, అనుమానం అక్కర్లేదు. ఇంటిపేరు తర్వాత కామా పెట్టి ఇంకో వృత్తి ఉంటే, ఉదాహరణకు ‘క్యూఫర్, ష్నైడర్’ అని ఉంటే, అతను క్యూఫర్ ఇంటివాడైన దర్జీ. కాథలిక్ రిజిస్టర్లు లాటిన్‌లో ఉంటాయి. అక్కడ పీపా పనివాడు దోలియారియుస్, వియేటర్, కుపారియుస్. చదువుకున్నవాళ్లు కొందరు ఇంటిపేరునే ఇలా లాటిన్ చేసుకున్నారు. క్రాకోవ్ ముద్రాపకుడు హిరోనిముస్ వియేటర్ అసలు ఇంటిపేరు బ్యూట్నర్.

రైన్ ఎడమ గట్టు వాళ్లకు ఒక అదృష్టం ఉంది. 1798 నుంచి అక్కడ ఫ్రెంచి పాలనలో సివిల్ రిజిస్టర్లు మొదలయ్యాయి. వృత్తి ఫ్రెంచిలో విడిగా రాస్తారు, పీపా పనివాడైతే ‘తొనెలియే’. ఇంటిపేరు జర్మన్‌లో, వృత్తి ఫ్రెంచిలో ఉంటాయి కాబట్టి కలగాపులగం కావు. 1805 చివరి దాకా తేదీలు ఫ్రెంచి విప్లవ కాలపు రిపబ్లికన్ క్యాలెండర్‌లో ఉంటాయి, మార్చుకోవాలి. ప్రష్యాలో సివిల్ నమోదు 1874 అక్టోబర్ 1న, మొత్తం జర్మన్ సామ్రాజ్యంలో 1876 జనవరి 1న మొదలైంది. ఇంటిపేరు రాత గట్టిగా బిగిసిపోయింది ఆ తర్వాతే. అంతకు ముందు ఒకే మనిషి పేరు మూడు రకాలుగా ఉన్నా ఆశ్చర్యపోవద్దు.

కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాతలో క్యూఫర్, కీఫర్ తేడా ఇలా పట్టుకోవాలి. క్యూఫర్ అయితే ‘క’ తర్వాత రెండు నిలువు గీతలు, పైన రెండు గుర్తులు. కీఫర్ అయితే మూడు గీతలు, మొదటిదాని మీద ఒకే చుక్క. ఎందుకంటే ఆ లిపిలో ‘ఇ’ ఒక గీత, ‘ఎ’ పక్కపక్కన రెండు గీతలు. ఇంకో ప్రమాదం క్యూస్టర్: అంటే చర్చి సేవకుడు, అదీ ఇంటిపేరే. పొడవాటి ‘స’ పక్కన ‘ట’ కలిపి రాస్తే తొందరలో ‘ఫ’లా కనబడుతుంది. అదే పేజీలో అదే చేతితో రాసిన తెలిసిన మాట ఒకటి వెతికి పక్కపక్కన పెట్టి చూడండి, చిక్కు విడిపోతుంది.

పటాలపిచ్చి

పటాలు వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. 1945 తర్వాత సైలీషియా, బొహీమియా, తూర్పు ప్రష్యా వగైరా ప్రాంతాల నుంచి సుమారు 1.2 కోట్ల మంది జర్మన్లు పశ్చిమానికి వెళ్లగొట్టబడ్డారు. బిట్నర్ ఇవాళ బవేరియాలోనో హెస్సెలోనో కనిపిస్తే అది అక్కడ పుట్టిన పేరు కాకపోవచ్చు. దాని సొంత ఊళ్లు తూర్పున ఉన్నాయి. 2005 పటం ఒక్కటే చూసి ‘మా మూలం ఫలానా జిల్లా’ అని రాసేవాళ్లు ఇక్కడే తప్పుతున్నారు. కీఫర్ విషయంలో ఈ భయం తక్కువ, అది పశ్చిమాన కదలకుండా ఉన్న పేరు.

కృష్ణలంక

కీఫర్ ఇంటిపేరు ఉన్న ప్రతివాడి పూర్వీకుడూ పీపాలు చేశాడని చెప్పొచ్చా? తెలుగులో ఇలాంటి ఇంటిపేరు ఎందుకు లేదో కూడా ఎవరైనా చెప్తారా?

ధాతువు

మొదటి కీఫర్ చేసి ఉంటాడు, ఆ తర్వాతివాళ్ల గురించి పేరు ఏమీ చెప్పదు. నగరాల్లో, ముఖ్యంగా దక్షిణ, పశ్చిమ నగరాల్లో, 12వ శతాబ్దం నుంచి ఇంటిపేర్లు మొదలై మెల్లగా వారసత్వమయ్యాయి. పల్లెలు, ఉత్తరం వెనకబడ్డాయి. ‘హైన్రిష్ డెర్ క్యూఫర్’ అని మధ్యలో ‘డెర్’ ఉంటే అది ఇంకా బిరుదే, ఆ మనిషి పని. ‘డెర్’ లేకుండా, కొడుకు వేరే పని చేస్తూ కూడా అదే పేరు మోస్తుంటే అప్పుడు అది ఇంటిపేరు. పన్ను జాబితాల్లో తండ్రీ కొడుకులు, అన్నదమ్ములు ఇద్దరికీ అదే ఉందేమో చూడటం మంచి పరీక్ష.

తెలుగు సంగతి: మన ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఊరి పేర్లు. పైగా మన దగ్గర ద్రవాలు కుండల్లో, బానల్లో, తోలు తిత్తుల్లో ఉండేవి. పని కుమ్మరిది. చెక్క పలకల పాత్రకు మనకు వృత్తే లేదు కాబట్టి దానికి పేరూ లేదు. ‘పీపా’ అన్న మాటే పోర్చుగీసుల ద్వారా వచ్చింది. జర్మనీ చుట్టుపక్కల దేశాల్లో మాత్రం ఈ పనికి ఇంటిపేరు దాదాపు ప్రతిచోటా ఉంది: చెక్‌లో బెద్నార్, ఉక్రెయిన్‌లో బొందర్, హంగరీలో కాదార్. హంగరీ కమ్యూనిస్టు నాయకుడు యానోష్ కాదార్‌కి అది పుట్టుకతో వచ్చిన పేరు కాదు, తర్వాత పెట్టుకున్నది. అర్థం మాత్రం ఇదే.

పీపాకట్టు

వృత్తి ఇంకా బతికే ఉంది. జర్మనీలో బ్యోట్చర్ పనికి మూడేళ్ల శిక్షణ ఉంది. సొంత పనిశాల పెట్టుకోవాలంటే మైస్టర్ (ఆరితేరిన పనివాడు) పట్టా తప్పనిసరి అన్న నియమాన్ని 2004లో ఎత్తేశారు. 2020లో పన్నెండు చేతివృత్తులకు దాన్ని తిరిగి తెచ్చినప్పుడు బ్యోట్చర్ కూడా వాటిలో ఉంది. అధికారిక పేరు బ్యోట్చరే. నైరుతిలో జనం నోట ఇప్పటికీ క్యూఫరే.

పలకబలపం

చివరిగా నా మూడు రూపాలు: క్యూఫర్, కీఫర్, క్యూఫ్నర్. కలపొచ్చా? అమెరికా వెళ్లినవాళ్లను ఏ రాతలో వెతకాలి?

పాతకాగితం

క్యూఫర్, కీఫర్ కలపండి. అదే ఊరు, అదే దంపతుల పేర్లు ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. క్యూఫ్నర్‌ను మాత్రం ప్రస్తుతానికి విడిగా ఉంచండి. ‘నర్’ ప్రత్యయం బ్యూట్నర్, వాగ్నర్ లాంటి పేర్ల నమూనాలో వచ్చింది, ఫ్రాంకోనియా, దాని పక్క ప్రాంతాల అలవాటు. ఆ ఎంట్రీ రాసిన పాస్టర్ ఎక్కడివాడో చూడండి. అతను ఫ్రాంకోనియా నుంచి వచ్చి ఉంటే తన ఊరి అలవాటుతో మీ క్యూఫర్‌నే అలా రాసి ఉండొచ్చు. పాస్టర్ మారిన ఏడాదితో రూపం మారిన ఏడాది సరిపోతే కలపండి. సరిపోకపోతే బాప్తిస్మ సాక్షుల పేర్లు పోల్చండి. సాక్షులు సాధారణంగా చుట్టాలే అవుతారు, రెండు మూడు ఎంట్రీల్లో అవే పేర్లు తిరిగితే కుటుంబం ఒకటే.

అమెరికాలో పెన్సిల్వేనియా వైపు ఉచ్చారణ నిలబెట్టడానికి ‘ఈ’ అక్షరాన్ని రెండుసార్లు రాసిన రూపం, అంటే కీఫర్‌ని ఇంగ్లిష్ పద్ధతిలో రాసినది, తప్పక వెతకండి. ‘ఎఫ్’ రెండుసార్లు వచ్చే రూపం, ‘ఈ’, ‘ఐ’ అక్షరాలు తారుమారైన రూపం కూడా వెతకండి. చివరికి కూపర్ కూడా చూడాలి, పేరును అనువదించుకున్నవాళ్లున్నారు. బ్యోట్చర్ ఇంటివాళ్లయితే ‘ఓ’ మీద చుక్కలు రాలిపోయిన రూపం, బెట్చర్ రూపం రెండూ వెతకాలి.